హార్ష్ బ్రేకింగ్ 38 అని రిపోర్టు వచ్చింది: లారీ కంపెనీలకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా నాన్న 24 ఏళ్లుగా లారీ నడుపుతున్నారు. ఏడాది క్రితం ఒక పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో చేరారు. మేడ్చల్ నుంచి విశాఖకు కంటైనర్ బండి. పోయిన నెల రిపోర్టులో 'హార్ష్ బ్రేకింగ్ 38' అని వేసి 3,000 రూపాయల ఇన్సెంటివ్ ఆపేశారు. "ఎవర్నీ గుద్దింది లేదు, బండికి గీత పడింది లేదు, ఇవన్నీ ఎవడు లెక్కపెట్టాడు?" అని ఆయనకి ఒకటే బాధ. నిజంగా అంత కచ్చితంగా తెలుస్తుందా? లెక్క తప్పయ్యే అవకాశం ఉందా?

సమాధానం:

తెలుస్తుంది. లెక్క తప్పడమూ మామూలే.

బండిలో కంపెనీ బిగించిన ట్రాకింగ్ పెట్టె మీ నాన్నగారి కాలు బ్రేకు మీద పడిందా లేదా అని చూడదు. ఒక్క సెకనులో వేగం ఎంత పడిపోయిందో చూస్తుంది. ఆ తగ్గుదల కంపెనీ పెట్టుకున్న హద్దు దాటితే 'ఒకటి' అని రాసుకుంటుంది. ఎందుకు తొక్కారు, ఎవడు అడ్డొచ్చాడు, తొక్కకపోతే ఏమయ్యేది అన్నవి ఆ అంకెలో ఉండవు. కాబట్టి 38ని ఉన్నదున్నట్టు ఒప్పుకోనక్కర్లేదు, అలాగని కొట్టిపారేయనూ వద్దు. ముందు ఆ 38 ఎక్కడెక్కడ, ఏ టైములో, ఎంత స్పీడు నుంచి ఎంతకు పడ్డాయో జాబితా అడగండి. అది చేతికొస్తే సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

నా సంగతి ఒక ముక్క. కుర్రతనంలో విజయవాడ ఆటోనగర్‌లో బ్రేక్ లైనర్లు మార్చే షెడ్డులో పనిచేశాను. తర్వాత నాలుగేళ్లు పది టైర్ల బండి నడిపాను. గత 11 ఏళ్లుగా ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో కంట్రోల్ రూమ్, డ్రైవర్ల సేఫ్టీ చూస్తున్నాను. 140 చిల్లర బండ్లు. మీ నాన్నగారికి వచ్చినలాంటి రిపోర్టు తయారుచేసేది నాలాంటివాళ్లే, దాని మీద తిట్లు తినేదీ మేమే.

ఇంతకీ ఆ హద్దు ఎంత?

దీనికి చట్టంలో ఒక అంకె అంటూ లేదు. కంపెనీ, పెట్టె అమ్మినవాళ్లు కలిసి పెట్టుకునేది. లారీలకు నేను చూసిన చోట్లల్లా ఒక్క సెకనులో గంటకు 10 నుంచి 14 కి.మీ. వేగం పడిపోవడం దగ్గర పెడతారు. అంటే 60లో వెళ్తున్న బండి కళ్లు మూసి తెరిచేలోగా 48కి రావడం. మీరు క్యాబిన్‌లో ఉంటే డ్యాష్‌బోర్డు మీద వాటర్ బాటిల్ ముందుకు దొర్లి కిందపడుతుంది, క్లీనర్ నిద్రలేస్తాడు. పెట్టెలు అమ్మేవాళ్లు దీన్నే 0.3 జీ, 0.4 జీ అని చెప్తారు. ఒక జీ అంటే సెకనుకు దాదాపు 35 కి.మీ. వేగం మారడం. ఆ లెక్కన 0.3 అంటే పదిన్నర, 0.4 అంటే 14. కార్లకైతే ఈ హద్దు ఇంకాస్త పైన పెడతారు, కారు బ్రేకు పట్టు వేరు కాబట్టి. కొన్నిచోట్ల కారుకు పెట్టిన హద్దునే లారీకీ, లారీకి పెట్టినదాన్నే చిన్న ట్రాలీకీ వదిలేస్తారు. ఎవరూ పట్టించుకోరు.

అమెరికాలో ట్రక్కులు నడిపే మన కుర్రాళ్లు అప్పుడప్పుడు మాట్లాడుతుంటారు. అక్కడ ఇంజిన్ కంప్యూటరే సడన్ బ్రేక్‌ను గుర్తుపెట్టుకోవడం చాలాకాలంగా ఉంది. హద్దు సెకనుకు 7 నుంచి 9 మైళ్లు, మన లెక్కలో సుమారు 11 నుంచి 14 కి.మీ. అంటే మనవాళ్లు పెట్టేదీ ఇంచుమించు అదే. ఇంకోటి, అక్కడ 2017 డిసెంబరు నుంచి తప్పనిసరి చేసిన ఎలక్ట్రానిక్ లాగ్ పెట్టె డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో చూడటానికి వచ్చింది. బ్రేకుల లెక్క కంపెనీలు దాని పక్కన తగిలించుకున్న బేరం. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

లెక్క నాలుగు దారుల్లో వస్తుంది, నాలుగింటి నమ్మకం ఒకటి కాదు

మొదటిది జీపీఎస్. పెట్టె ప్రతి సెకనూ వేగం చూసుకుంటుంది, సర్వర్‌కు మాత్రం పది సెకన్లకో ఇరవై సెకన్లకో ఒకసారి పంపుతుంది. బ్రేకు లెక్క పెట్టెలోపలే జరిగితే ఫర్వాలేదు. కొన్ని చవక సాఫ్ట్‌వేర్లు సర్వర్‌కు వచ్చిన ఆ పది సెకన్ల చుక్కల్ని పట్టుకుని లెక్క వేస్తాయి. రెండు చుక్కల మధ్య ఏం జరిగిందో దానికి తెలియదు, ఊహించేస్తుంది. ఫ్లైఓవర్ కింద దూరినప్పుడు, ఎత్తైన గోదాముల మధ్య నిలిపినప్పుడు సిగ్నల్ గెంతుతుంది. 50లో ఉన్న బండి ఒక్కసారి 20లో ఉన్నట్టు కనబడుతుంది. బ్రేకు మీద ఎవరి కాలూ పడలేదు, రిపోర్టులో మాత్రం ఒకటి పడింది.

రెండోది పెట్టెలో ఉండే కుదుపు సెన్సర్. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ మూడు దిక్కుల్లో ఊపు కొలుస్తుంది. దీనికి బండి ముందు ఎటో సరిగ్గా తెలియాలి. అంటే పెట్టెను గట్టిగా బిగించి, బిగించాక ఒకసారి సెట్టింగ్ చేయాలి. వంకరగా పెట్టినా, వదులుగా ఉన్నా గుంతలో పడ్డ కుదుపు బ్రేకు ఖాతాలోకి పోతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇంకో తిరకాసు. బండి ముక్కు కిందకు ఉంటే ఆ వాలు కూడా సెన్సర్‌కు బ్రేకులాగే అనిపిస్తుంది. నూటికి ఆరు అడుగుల వాలు ఉంటే 0.06 జీ ఊరికే కలుస్తుంది. మైదానంలో హద్దు లోపల ఉండే బ్రేకు, ఘాట్‌లో హద్దు దాటేస్తుంది.

మూడోది బండి సొంత కంప్యూటర్. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి బండి తయారుచేసిన కంపెనీ నుంచే టెలిమాటిక్స్ (బండి సమాచారాన్ని ఆఫీసుకు పంపే ఏర్పాటు) వస్తోంది. టాటాకు ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్‌కు ఐ-అలర్ట్, భారత్ బెంజ్‌కు ట్రక్కనెక్ట్, ఇలా. ఇవి జీపీఎస్‌ను నమ్ముకోకుండా బండి లోపలి లైనులోంచి వేగం తీసుకుంటాయి, బ్రేక్ పెడల్ తొక్కారా, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగ గొట్టాన్ని మూసి బండిని నెమ్మదింపజేసేది) వేశారా అన్నదీ ఆ లైనులో దొరుకుతుంది. నా దృష్టిలో నాలుగింటిలోకీ గట్టి లెక్క ఇదే.

నాలుగోది కెమెరా. అద్దం మీద ముందుకో కన్ను, లోపలికో కన్ను. ఇది ఎప్పుడూ తీస్తూనే ఉంటుంది. సడన్ బ్రేక్ పడగానే దానికి ముందు కొన్ని సెకన్లు, తర్వాత కొన్ని సెకన్లు కత్తిరించి కంట్రోల్ రూముకు పంపుతుంది. కొత్తవాటిలో ముందు బండికి ఎంత దూరంలో ఉన్నారో, డ్రైవరు ఫోను చూస్తున్నాడో, కునుకు తీస్తున్నాడో కూడా పట్టుకుంటుంది. నాకు ఈ కత్తిరింపులో బ్రేకు కంటే బ్రేకుకు ముందు సెకన్లే కావాలి. అవి చూడకుండా డ్రైవరుతో మాట్లాడకూడదని మా రూములో గోడ మీద రాసి పెట్టాను.

ఇవి కాక ఏఐఎస్-140 పెట్టె గురించి అడుగుతుంటారు. 2019 జనవరి నుంచి కొత్త బస్సులు, టాక్సీల్లాంటి ప్రయాణికుల బండ్లకు తప్పనిసరి చేసిన ప్రమాణం అది. ఆ ప్రమాణంలో పెట్టె పంపాల్సిన అలర్టుల్లోనే సడన్ బ్రేక్, సడన్ పికప్, మలుపులో దూకుడు ఉన్నాయి. కాబట్టి ఆ తరహా పెట్టె లారీకి బిగించినా ఈ మూడూ వాటంతటవే వస్తుంటాయి.

నేను కళ్లారా చూసిన తప్పుడు లెక్కలు

మా దగ్గర ఒక పన్నెండు టైర్ల బండికి ప్రతి ట్రిప్పులో 15, 20 పడేవి. డ్రైవరు నెమ్మదస్తుడు, ఆయన్ని అనడానికి నోరు రాలేదు. జాబితా తీసి మ్యాపు మీద పెడితే చుక్కలన్నీ స్పీడ్ బ్రేకర్ల దగ్గరే ఉన్నాయి. మా యార్డు గేటు దగ్గర ఉన్నదానికైతే వచ్చినా పోయినా ఒకటి. యార్డులో మెకానిక్‌ను పిలిచి డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టె చేతికి ఊగుతూ తగిలింది. రెండు వైపులా అంటించే టేపు ఎండకు కరిగి ఊడిపోయి, పెట్టె వైర్లకు వేలాడుతోంది. బండి ఎగిరినప్పుడల్లా పోయి స్టీరింగ్ రాడ్ కవరుకు కొట్టుకుంటోంది. రెండు స్క్రూలు, ఒక ప్లాస్టిక్ ట్యాగు. తర్వాతి ట్రిప్పుకు మొత్తం మూడు పడ్డాయి. ఆ మనిషికి అంతకుముందు రెండు నెలలు కోసిన డబ్బు తిరిగి ఇప్పించడానికి మాత్రం నాకు నాలుగు వారాలు పట్టింది. స్క్రూ బిగించినంత తేలిక కాదు అకౌంట్స్‌వాళ్లతో.

రెండోది టైము గొడవ. ఇది మీ నాన్నగారి విషయంలో తప్పక చూడండి, బండిలో ఇద్దరు డ్రైవర్లు ఉంటే మరీను. చాలా పెట్టెలు టైమును గ్రీన్‌విచ్ లెక్కలో పంపుతాయి. మన టైముకు ఐదున్నర గంటలు కలపాలి. మా పాత సాఫ్ట్‌వేర్ ఒకటి మ్యాపులో కలిపేది, నెలవారీ రిపోర్టులో కలపడం మర్చిపోయేది. మధ్యాహ్నం 12 గంటలకు డ్రైవరు మారాడనుకోండి. రెండో ఆయన 3 గంటలకు కొట్టిన బ్రేకు రిపోర్టులో ఉదయం తొమ్మిదిన్నరకు కనబడి మొదటి ఆయన పేరు మీద పడేది. ఏడాదిన్నర అలాగే నడిచింది. పట్టుకున్నది నేను కాదు, ఒక డ్రైవరే. "సార్, ఆ టైముకు నేను సూర్యాపేటలో టిఫిన్ చేస్తున్నాను, బండి ఆగి ఉంది. ఆగిన బండికి బ్రేకెందుకు కొడతాను?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

సిగ్నల్ లేని చోట కూడా ఇలాంటిదే. నల్లమల అడవిలో టవర్ అందదు. పెట్టె అన్నీ దాచిపెట్టుకుని బయటకొచ్చాక ఒక్కసారి కుమ్మరిస్తుంది. జరిగిన టైము కాకుండా అందిన టైము చూపించే సాఫ్ట్‌వేర్ అయితే, ఒకే నిమిషంలో ఆరు సడన్ బ్రేకులు అని వస్తుంది. దేవుడు కూడా కొట్టలేడు అన్ని.

మూడోది, ఒకే బ్రేకుకు రెండు మూడు లెక్కలు. 70 నుంచి 30కి మూడు సెకన్లు ఆపకుండా తొక్కితే, సెకనుకొకటి చొప్పున మూడు రాసే పెట్టెలున్నాయి. బండిలో బయట కొన్న పెట్టె, కెమెరా, కంపెనీ టెలిమాటిక్స్ మూడూ ఉండి, రిపోర్టులో మూడింటినీ కూడేసిన సందర్భాలూ చూశాను. జాబితాలో ఐదారు సెకన్ల తేడాతో జంటగా, మూడుగా ఉన్నవాటిని ఒకటిగా లెక్కేసుకోండి. 38 కాస్తా 25కు వచ్చినా నేను ఆశ్చర్యపోను.

38 ఎక్కువా తక్కువా?

కిలోమీటర్లు తెలియకుండా చెప్పలేం. మేడ్చల్ నుంచి విశాఖ రానూపోనూ ఒక 1,300 కి.మీ. వేసుకుందాం. నెలకు ఏడు ట్రిప్పులైతే 9,100. అంటే వెయ్యి కిలోమీటర్లకు నాలుగు పైచిలుకు. ఊళ్లో సరుకు దించుకుంటూ తిరిగే బండికి వారంలోనే ఇంతకంటే ఎక్కువ పడతాయి, దాన్ని ఎవరూ తప్పనరు. జాతీయ రహదారి మీద మాత్రం వెయ్యికి నాలుగంటే నేనైతే పిలిచి మాట్లాడతాను. డబ్బు కోయను. మాట్లాడతాను.

మాట్లాడే ముందు మొదలైన స్పీడు చూస్తాను. పంతంగి టోల్ దగ్గర వరసలో 18 నుంచి 6కు వచ్చింది బ్రేకే కాదు నా లెక్కలో. మేం 20 కి.మీ. లోపు మొదలైనవన్నీ రిపోర్టులోంచి తీసేశాం. 68 నుంచి 40కి రెండు సెకన్లలో వచ్చిందంటే అక్కడ ఏదో జరిగింది. అది చిట్యాల దగ్గర డివైడర్ సందులోంచి బైకు దూరడం వల్లా, ముందు బండికి అతుక్కుని వెళ్లడం వల్లా అన్నది వీడియో చెప్తుంది. ఖాళీ బండా, లోడు బండా అన్నదీ చూడాలి. ఖాళీ కంటైనర్ బ్రేకు తొక్కగానే పట్టేస్తుంది, అదే కాలు, అదే ఒత్తిడి, కానీ హద్దు దాటేస్తుంది. వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చే డ్రైవరుకు ఎప్పుడూ ఎక్కువే పడతాయి.

అసలు కంపెనీలకు దీని మీద ఇంత పట్టు ఎందుకంటే, యాక్సిడెంట్ అరుదుగా జరుగుతుంది, సడన్ బ్రేక్ రోజూ జరుగుతుంది. యాక్సిడెంట్ అయ్యాక మాట్లాడితే ఏం లాభం? అందుకే ఈ చిన్నదాన్ని పట్టుకుంటారు. పైగా సరుకు. గాజువాక వైపు నుంచి ఇనుప కడ్డీలు వేసుకొచ్చే ట్రైలర్ డ్రైవర్లను అడగండి, గట్టి బ్రేకు పడితే వెనక కడ్డీలు ఎటు జారుతాయో చెప్తారు. క్యాబిన్ వైపే. సగం నిండిన ట్యాంకరైతే లోపలి ఆయిల్ ముందుకు వచ్చి కొట్టి, ఆగిన బండిని మళ్లీ ఒక అడుగు తోస్తుంది. లైనర్లు, టైర్ల ఖర్చు ఎలాగూ ఉంది. ఆటోనగర్ షెడ్డులో ఉన్నప్పుడు డ్రమ్ము విప్పగానే ఆ నీలం మచ్చలు, కాలిన వాసన చూసి, ఈ బండి ఎవరిదో పేరు చెప్పకుండానే చెప్పేవాళ్లం.

ఇక మీ నాన్నగారి వైపు మాట ఒకటి, కంపెనీ వైపు మాట ఒకటి

"ఎవర్నీ గుద్దలేదు కదా" అన్నది నిజమే, 24 ఏళ్ల సర్వీసు చిన్నది కాదు. కానీ గుద్దకుండా ఆపగలగడం వేరు, ఆపాల్సిన అవసరం రాకుండా నడపడం వేరు. మా దగ్గర వీడియోలు చూస్తుంటే పాత డ్రైవర్లలో ఒక అలవాటు కనబడుతుంది. బ్రేకు మీద వాళ్లకు అపారమైన నమ్మకం. ముందు లారీ వెనక పట్టా తాళ్లు లెక్కపెట్టేంత దగ్గరగా వెళ్తారు, ఆఖరి క్షణంలో తొక్కి ఆపుతారు, ఆపగలరు కూడా. 60లో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. 0.3 జీతో ఆపితే 47 మీటర్లు కావాలి. అందులో సగం జోరుతోనే, మెల్లగా ఆపాలంటే 94 మీటర్లు. ఇది కాలు తొక్కాక లెక్క. కన్ను చూసి కాలికి చెప్పడానికి ఒక సెకను, ఎయిర్ బ్రేకులో గాలి చివరి చక్రం దాకా చేరడానికి మరో అర సెకను పైన పడతాయి. నేను లోడు బండికి నాలుగైదు సెకన్ల దూరం వదలమంటాను. ముందు బండి ఒక కి.మీ. రాయి దాటాక వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు అని లెక్కపెట్టుకోమంటాను.

దీనికి ప్రతి డ్రైవరూ ఒకే జవాబు చెప్తాడు, మీ నాన్నగారూ అదే అంటారు: "దూరం వదిలితే కారో ఆటోనో మధ్యలో దూరుతుంది." దూరుతుంది. ఒప్పుకుంటాను. నేను నడిపే రోజుల్లో నేనూ ఇదే అనేవాణ్ని. తర్వాత ఒకసారి కుర్రాడొకడితో పక్క సీట్లో కూర్చుని విజయవాడ నుంచి తుని దాకా వెళ్లి లెక్కపెట్టాను. దూరినవి 30 బండ్లు. దూరినప్పుడల్లా కాలు కాస్త లేపి మళ్లీ దూరం చేసుకున్నాడు. ఒక్కోదానికి మూడు సెకన్లు పోయాయనుకున్నా మొత్తం నిమిషంన్నర. రావులపాలెంలో టీ తాగడానికి అంతకు పదింతలు ఆగాం.

కంపెనీ వైపు తప్పు ఇంతకంటే పెద్దది, దాంట్లో నాకూ వాటా ఉంది. మొదట్లో నేను నెలాఖరున డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పేర్లతో సహా జాబితా పెట్టేవాణ్ని. ఎక్కువ పడినవాళ్లకు ఎర్ర రంగు. దారిలోకి వస్తారనుకున్నాను. ఒక పెద్దాయన, నాకంటే 15 ఏళ్లు పెద్ద, ఆఫీసుకొచ్చి నిలబడి, "నా కొడుకు ఇదే కంపెనీలో క్లీనరు. గ్రూపులో వాడూ ఉన్నాడు బాబూ" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ రోజే తీసేశాను. ఇప్పుడు బండి ఆగాక, పగటిపూట, ఒక్కరికే ఫోను చేస్తాం. వీడియో ముందు ఆయనకు పంపి "ఏమైంది బాబాయ్ ఇక్కడ?" అని అడుగుతాం. సగానికి సగం సందర్భాల్లో ఆయన చెప్పేది మాకు రోడ్డు గురించి కొత్త సంగతి అవుతుంది. ఎక్కడ డివైడర్ సందు తెరిచారో, ఎక్కడ లైట్లు పోయాయో అలా తెలుస్తుంది.

ఇన్సెంటివ్‌ను ఈ అంకెకు నేరుగా ముడిపెడితే ఇంకో ప్రమాదం ఉంది. ఒక కుర్రాడికి మూడు నెలలు వరసగా సున్నా. మెచ్చుకుని బహుమతి ఇద్దామనుకున్నాం. ఎందుకైనా మంచిదని కెమెరా చూస్తే, బ్రేకు పడకూడదని పసుపు లైటు పడ్డా ఆపకుండా దూసుకుపోతున్నాడు. కుక్క అడ్డొస్తే లోడు బండిని పక్క లైనులోకి కోస్తున్నాడు. బ్రేకు తొక్కాల్సిన చోట తొక్కకపోవడం తొక్కడం కంటే ఘోరం. అప్పటినుంచి సున్నా కనబడ్డా వీడియో తీస్తాను. కొన్నిసార్లు సున్నా వెనక వైరు పీకేసిన పెట్టె ఉంటుంది, అది వేరే కథ.

ఇవే పెట్టెలు డ్రైవరును కాపాడిన రోజూ ఉంది. హనుమాన్ జంక్షన్ దాటాక రాత్రి తొమ్మిదింటికి మా బండి ముందుకు ఇద్దరున్న బైకు రాంగ్ రూట్లో వచ్చింది. మావాడు 52 నుంచి ఆపేశాడు, బైకు వచ్చి బంపరుకు తగిలి పడింది. కాలు విరిగింది ఒకరికి. జనం మూగి పెద్ద బండిదే తప్పన్నారు, మన దగ్గర ఎప్పుడూ అంతే కదా. వీడియోలో బైకు వచ్చిన దిక్కు, రికార్డులో మా బండి తగిలే ముందే పూర్తిగా ఆగిపోయిన టైము, రెండూ ఉన్నాయి. స్టేషన్‌లో అవి చూపించాక మాట మారింది. ఆ నెల ఆయన రిపోర్టులో అది కూడా 'హార్ష్ బ్రేకింగ్ 1' గానే పడింది. దాన్ని నేనే రిపోర్టులోంచి తీసేశాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది

గొడవకు వెళ్లినట్టు కాకుండా, రిపోర్టు అర్థం చేసుకోవాలని ఉందని నాన్నగారి చేత సూపర్‌వైజర్‌ను అడిగించండి. 38కీ తేదీ, టైము, ఊరు, మొదటి స్పీడు, చివరి స్పీడు కావాలి. లెక్క జీపీఎస్‌దా, కుదుపు సెన్సర్‌దా, బండి కంప్యూటర్‌దా అని అడగండి. ఇన్సెంటివ్ కోసిన నిబంధన రాతపూర్వకంగా ఉందా అన్నదీ అడగండి. ఇన్సెంటివ్ అనేది మామూలుగా కంపెనీ ఇష్టాన్ని బట్టి పెట్టుకున్నది. జీతంలోంచో బత్తాలోంచో కోస్తే అది వేరే సంగతి, అప్పుడు ఊరుకోవద్దు.

జాబితా వచ్చాక ట్రిప్ షీటు పక్కన పెట్టుకోండి. బండి ఆగి ఉన్న టైములో పడ్డవి ఉంటే ఐదున్నర గంటల తేడా అనుమానించండి. అన్నీ ఒకే చోట, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఉంటే ఈసారి బండి యార్డుకు వచ్చినప్పుడు పెట్టె ఎలా బిగించారో చూడమనండి. పెట్టెను మీరే ముట్టుకోకండి, విప్పారని ఇంకో అలర్టు పోతుంది, అప్పుడు అసలు గొడవ పక్కకుపోయి అది మెడకు చుట్టుకుంటుంది. లోపలికి చూసే కెమెరా ఉంటే, బండి ఆపి పడుకున్నప్పుడు కూడా తీస్తుందా అని అడిగే హక్కు ఆయనకుంది. క్యాబినే కదా వాళ్లకు ఇల్లు.

ఇవన్నీ తీసేశాక 40 పైన స్పీడులో మొదలైనవి ఎన్ని మిగిలాయో చూడండి. ఏడెనిమిది మిగిలితే పెద్ద విషయం కాదు, ఆ లెక్క చూపించి ఇన్సెంటివ్ అడగొచ్చు. ఇరవై మిగిలాయనుకోండి, అప్పుడు కంపెనీతో కాదు, నాన్నగారితోనే ఒక పూట కూర్చోండి. అవి ఏ టైములో పడ్డాయో కూడా చూడండి. తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్య గుంపుగా ఉంటే అది బ్రేకు సమస్య కాదు, నిద్ర సమస్య. అక్కడ ట్రిప్పు టైమింగ్ మార్చమని అడగాల్సింది కంపెనీనే.

జాబితా దొరికితే బండి నంబరు, పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. చూసి ఏవి లెక్కలోకి వస్తాయో, ఏవి రావో చెప్తాను.